వేడికి పది నిమిషాలు, ఉప్పుకు ఒక రాత్రి: చేపల పులుసు చెప్పే విజ్ఞానం

గోదావరికి ఎర్రనీరు తగలగానే యానాం, ధవళేశ్వరం ప్రాంతాల్లో పులసల కోసం వలలు పడతాయి. గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నదిలోకి ఎదురీదుకుంటూ వచ్చే ఈ చేప ఒక్కోటి వేల రూపాయలు పలుకుతుంది. అంత ఖరీదు పెట్టి తెచ్చిన చేపను వండాక కూడా గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్లలో వెంటనే తినరు. సాయంత్రం పులుసు పెట్టి, దాక దించి, మూతపెట్టి, మర్నాడు అన్నంలోకి వడ్డిస్తారు. పులసే కానక్కర్లేదు. బొచ్చె, శీలావతి, వంజరం, కొర్రమీను, ఏది పులుసు పెట్టినా 'రేపటికి ఇంకా బాగుంటుంది' అన్న మాట వినిపిస్తుంది.

ఇది వట్టి నమ్మకమా? కాదు. చేప ముక్కలోకి వేడి ఎంత వేగంగా వెళుతుంది, ఉప్పూ పులుపూ ఎంత వేగంగా వెళతాయి అన్న రెండు ప్రశ్నలకు జవాబు తెలిస్తే ఆ మాటలోని నిజం తెలుస్తుంది. అదే జవాబు ఒక హెచ్చరిక కూడా చేస్తుంది. రాత్రంతా పొయ్యి గట్టు మీద ఉన్న పులుసులో రుచి ఒక్కటే పెరగదు. నూనె, ఉప్పు తగ్గించి, కారంగా, భయం లేకుండా తినగలిగేలా చేపను వండుకోవడానికి కావలసిన విజ్ఞానమంతా ఈ ఒక్క వంటకంలోనే ఉంది.

నీళ్లు మోసే ఒళ్లు

మేకకు తన బరువును తానే మోసుకుంటూ నిలబడాలి. అందుకే దాని కండరాల్లో పొడవాటి పోగులు ఉంటాయి. వాటిని కొల్లాజెన్ అనే గట్టి ప్రొటీన్ తాళ్లలా కట్టి ఉంచుతుంది. చేప బరువును నీళ్లే చాలావరకు మోస్తాయి. దాని కండలో పోగులు పొట్టిగా, పొరలు పొరలుగా పేర్చినట్టు ఉంటాయి. పొరకూ పొరకూ మధ్య ఉండే కొల్లాజెన్ చాలా పలచన. పైగా ఆ కొల్లాజెన్ సుమారు 50 నుంచి 55 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగి జెలటిన్‌గా మారిపోతుంది. మాంసంలోని కొల్లాజెన్ కరగాలంటే ఇంకా ఎక్కువ వేడి, ఎక్కువ సమయం కావాలి. మటన్‌కు కుక్కర్ విజిళ్లు అవసరం కావడానికీ, చేపకు అక్కర్లేకపోవడానికీ కారణం ఇదే.

ఉడికిన చేప ముక్క పొరలుగా విడిపోవడం కూడా అందువల్లే. మధ్యలోని జిగురు కరిగిపోయాక పొరలను పట్టి ఉంచేది దాదాపు ఏమీ ఉండదు. అప్పుడు గరిటె పెట్టి కలిపితే ముక్క చెదిరిపోతుంది. పులుసులో ముక్కలు వేశాక గరిటె ముట్టకుండా, గిన్నెను రెండు చేతులా పట్టుకుని గుండ్రంగా తిప్పే అలవాటు ఎన్నో తరాలుగా ఉంది. ఆ అలవాటు వెనక ఉన్నది ఈ కరిగిన కొల్లాజెనే.

వేడి ఎక్కువైతే మరో నష్టం జరుగుతుంది. చేప కండలోని మయోసిన్ అనే ప్రొటీన్ సుమారు 40 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. 60 డిగ్రీలు దాటిన కొద్దీ కండ బిగుసుకుని తనలోని నీటిని బయటికి పిండేస్తుంది. అతిగా ఉడికిన చేప పులుసులో మునిగి ఉన్నా నోటికి పొడిపొడిగా తగలడం ఇందుకే. బయట ఎన్ని నీళ్లున్నా, కండ ఒకసారి పిండేసుకున్న నీరు తిరిగి లోపలికి వెళ్లదు.

వేడి ముందు, ఉప్పు వెనక

రెండు సెంటీమీటర్ల మందం ఉన్న ముక్కను ఉడుకుతున్న పులుసులో వేశారనుకుందాం. వేడి రెండు వైపుల నుంచీ ఒక్కో సెంటీమీటర్ ప్రయాణించి నడిమధ్యకు చేరాలి. చేప కండలో వేడి పాకే వేగాన్ని బట్టి లెక్క వేస్తే దీనికి పట్టే సమయం సుమారు పది, పన్నెండు నిమిషాలు.

అదే దూరం ఉప్పు ప్రయాణించాలంటే? ఉప్పులోని అయాన్లు నీటి అణువుల మధ్య అటూ ఇటూ తడబడుతూ, ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటికి చేరతాయి. దీన్నే వ్యాపనం అంటారు. చేప కండలో ఈ వ్యాపనం వేడి ప్రయాణం కన్నా దాదాపు వంద రెట్లు నెమ్మది. ఇరవై నిమిషాల ఉడుకులో ఉప్పు చేరేది రెండు మిల్లీమీటర్ల లోతుకే. నడిమధ్యకు చేరాలంటే పది, పదిహేను గంటలు పడుతుంది. పులుపు సంగతీ ఇంచుమించు ఇంతే. ఇవి ఉజ్జాయింపు లెక్కలే. చేప రకాన్ని బట్టి, కొవ్వును బట్టి మారతాయి. కానీ వేడికీ ఉప్పుకూ మధ్య తేడా నిమిషాల్లో కాదు, గంటల్లో ఉంటుందన్నది మారదు.

అంటే చేప ఉడకడం పూర్తయ్యే సమయానికి దానికి రుచి పట్టడం అప్పుడే మొదలవుతుంది. వేడి తన పని ముగించుకుని వెళ్లిపోయాక కూడా ఉప్పు దారిలోనే ఉంటుంది. అప్పుడే దించిన పులుసులో ముక్క చప్పగా, పులుసు ఘాటుగా వేరువేరుగా ఉండటానికీ, మర్నాటికి రెండూ ఒకటైనట్టు అనిపించడానికీ ఇదే కారణం. కొల్లాజెన్ కరగగా పొరల మధ్య ఏర్పడిన సన్నని సందుల్లోకి పులుసు నేరుగా చేరడం కూడా ఇందుకు తోడ్పడుతుంది. చర్మం, ముళ్ల నుంచి దిగిన జెలటిన్ చల్లారే కొద్దీ పులుసును చిక్కబరుస్తుంది.

వ్యాపనానికి ఇంకో నియమం ఉంది. దూరం రెట్టింపైతే సమయం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. దీన్ని వంటింట్లో లాభానికి వాడుకోవచ్చు. రెండు సెంటీమీటర్ల ముక్కను ఒకటిన్నర సెంటీమీటర్ల మందానికి కోయిస్తే రుచి పట్టే సమయం దాదాపు సగానికి పడిపోతుంది. పొయ్యి మీద పెట్టడానికి అరగంట ముందు ముక్కలకు ఉప్పు, పసుపు పట్టిస్తే ఉప్పు రెండు వైపుల నుంచీ రెండేసి మిల్లీమీటర్లు లోపలికి వెళుతుంది. ఒకటిన్నర సెంటీమీటర్ల ముక్కలో అది పావు వంతుకు పైగా మందం. అరగంట ఓపికతో ఒక రాత్రి పనిలో కొంత భాగం ముందే పూర్తవుతుంది.

నీచు వాసన ఎక్కడి నుంచి వస్తుంది?

సముద్రపు నీరు ఉప్పన. ఆ ఉప్పు ఒంట్లోని నీటిని లాగేయకుండా సముద్ర చేపలు తమ కణాల్లో ట్రైమిథైలమీన్ ఆక్సైడ్ అనే పదార్థాన్ని దాచుకుంటాయి. దానికి వాసన లేదు. చేప చనిపోయాక బ్యాక్టీరియా దాన్ని ట్రైమిథైలమీన్‌గా మారుస్తుంది. మనం నీచు వాసన అనేది ఎక్కువగా దీన్నే. ఇది సుమారు 3 డిగ్రీల దగ్గరే మరిగిపోయే పదార్థం కాబట్టి గది వేడిలో సులువుగా గాలిలోకి లేచి ముక్కుకు చేరుతుంది.

రసాయనపరంగా ఇది క్షారం. చింతపండులో టార్టారిక్ ఆమ్లం దండిగా ఉంటుంది. ఆమ్లం తగలగానే ట్రైమిథైలమీన్ ఒక హైడ్రోజన్ అయాన్‌ను అందుకుని విద్యుదావేశం ఉన్న రూపంలోకి మారుతుంది. ఆ రూపంలో అది నీటిని వదిలి గాలిలోకి లేవలేదు. పదార్థం గిన్నెలోనే ఉంటుంది, ముక్కుకు మాత్రం చేరదు.

చెరువు చేపలది వేరే కథ. వాటిలో ట్రైమిథైలమీన్ ఆక్సైడ్ బాగా తక్కువ. కొన్నిసార్లు వచ్చే మట్టివాసనకు ముఖ్య కారణం జియోస్మిన్ అనే అణువు. నీటిలోని నీలి ఆకుపచ్చ నాచు, కొన్ని రకాల బ్యాక్టీరియా దాన్ని తయారుచేస్తాయి. అది మొప్పల ద్వారా చేప ఒంట్లోని కొవ్వులో చేరుతుంది. తొలకరి చినుకులు పడినప్పుడు నేల నుంచి వచ్చే కమ్మని వాసనలో ఉండేదీ ఈ అణువే. వానలో ఇష్టపడే దాన్నే పళ్లెంలో భరించలేం. లక్ష కోట్ల భాగాల నీటిలో కొన్ని భాగాలున్నా మనిషి ముక్కు దీన్ని పసిగట్టగలదు. ఆమ్లంలో జియోస్మిన్ వాసన తక్కువ ఉండే పదార్థంగా మారుతుంది కాబట్టి చింతపండు ఇక్కడా సాయం చేస్తుంది.

దక్షిణాసియాలో చాలాచోట్ల చేపకు ఏదో ఒక పులుపు తోడుండటం యాదృచ్ఛికం కాదు. కేరళలో కుడంపులి, కొంకణ తీరంలో కోకం, గోవాలో వెనిగర్, అస్సాం మాసోర్ టెంగాలో టమాటా లేదా ఊ టెంగా కాయ, శ్రీలంక అంబుల్ తియల్‌లో గొరక. మొక్కలు వేరు, ఆమ్లాలూ వేరు. పని ఒకటే.

పులుపు దాచలేనిది

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పులుపు వాసనను అణచగలదు కానీ చెడిన చేపను మంచి చేప చేయలేదు. నీచు వాసన నిజానికి ఒక సమాచారం. చేప చనిపోయి ఎంతసేపైంది, ఎంత చల్లగా ఉంచారు అన్నది అదే చెబుతుంది. చింతపండు పడ్డాక ఆ సమాచారం చెరిగిపోతుంది. కాబట్టి ముక్కుతో చేసే పరీక్ష ఏదైనా చేప గిన్నెలోకి వెళ్లక ముందే చేయాలి.

వాసనకు కూడా అందని ప్రమాదం ఒకటుంది. కానాగంతలు, కవళ్లు, ట్యూనా వంటి చేపల కండలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. పట్టిన వెంటనే ఐసులో పెట్టకుండా ఎండలో, వేడిలో వదిలేస్తే కొన్ని రకాల బ్యాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మారుస్తుంది. అలర్జీ వచ్చినప్పుడు మన శరీరం విడుదల చేసే పదార్థమే ఇది. అలాంటి చేప తిన్నాక కొద్ది నిమిషాల నుంచి గంట, రెండు గంటల్లోపు ముఖం ఎర్రబడటం, దద్దుర్లు, తలనొప్పి, గుండె దడ, కడుపులో తిప్పడం మొదలవుతాయి. చాలామంది దీన్ని 'ఆ చేప పడలేదు' అనుకుని జీవితాంతం దానికి దూరంగా ఉంటారు. తప్పు ఆ చేప జాతిది కాకపోవచ్చు. దాన్ని వేడిలో ఉంచిన కొన్ని గంటలది కావచ్చు. అలర్జీయా, హిస్టమినా అన్నది వైద్యుడే తేల్చాలి. ఊపిరి అందకపోవడం వంటి లక్షణాలుంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

హిస్టమిన్ ఉడికిస్తే పోదు. వేపినా పోదు, ఫ్రీజర్‌లో పెట్టినా పోదు. చేప ముక్క చూడటానికి బాగానే ఉండవచ్చు, వాసనా రాకపోవచ్చు. దీనికి విరుగుడు ఒక్కటే, మొదటి నుంచీ చల్లగా ఉంచడం. చల్లదనంలో చిన్న తేడా కూడా పెద్దదే. కరిగే ఐసులో, అంటే 0 డిగ్రీల దగ్గర, చేప చెడే వేగంతో పోలిస్తే 5 డిగ్రీల దగ్గర అది రెండు రెట్లకు పైగా, 10 డిగ్రీల దగ్గర సుమారు నాలుగు రెట్లు ఉంటుంది. దేశంలో చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల చేపలు బెంగాల్, అస్సాం దాకా వెళుతున్నాయంటే అదంతా పెట్టెల్లో చేపల మధ్య పోసిన ఐసు చలవే. కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్ల వేడిని పీల్చుకుంటుంది. కరిగినంత సేపూ పెట్టె వేడి 0 డిగ్రీల దగ్గరే ఆగుతుంది.

బజారులో ఐసు లేకుండా పరిచిన చేప ఎంత చవకైనా బేరం కాదు. కళ్లు ఉబ్బెత్తుగా, తేటగా ఉన్నాయా, మొప్పలు ఎర్రగా ఉన్నాయా, వేలితో నొక్కితే గుంట వెంటనే పూడుతోందా చూసుకోవాలి. నిలవ కోసం ఫార్మాలిన్ కలిపారన్న భయం 2018లో కేరళ నుంచి చాలా రాష్ట్రాలకు పాకింది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ చేపలో ఫార్మాల్డిహైడ్, అమోనియాలను కాగితపు పట్టీ రంగు మార్పుతో పసిగట్టే పరీక్షలను రూపొందించింది. కొనేవారికి ఒక గుర్తు ఏమిటంటే, చేప ఎప్పటిదో అనిపిస్తూ, దాని చుట్టూ ఈగ కూడా వాలకుండా, వాసనే లేకుండా బిగుసుకుని ఉంటే అనుమానించాలి.

కారం రుచి కాదు

తీపి, పులుపు, ఉప్పు, చేదులను నాలుక మీది రుచి మొగ్గలు గుర్తిస్తాయి. కారాన్ని గుర్తించేవి అవి కావు, నొప్పిని, వేడిని మోసే నాడులు. మిరపలోని క్యాప్సైసిన్ ఆ నాడుల మీద ఉండే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని తెరుస్తుంది. ఈ గ్రాహకం మామూలుగా 43 డిగ్రీలకు పైబడిన వేడికి తెరుచుకుంటుంది. అందుకే మిరపకాయ కొరికితే నోరు 'మండుతుంది'. 1997లో దీన్ని గుర్తించిన డేవిడ్ జూలియస్, స్పర్శ గ్రాహకాలను కనుగొన్న ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిసి 2021లో నోబెల్ బహుమతి అందుకున్నారు. మిరప అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు ఓడల్లో రాక ముందు మన వంటల్లో ఘాటునిచ్చిన మిరియాల్లోని పైపరిన్ తట్టేదీ ఇదే తలుపును.

ఈ గ్రాహకం వేడికీ, కారానికీ, ఆమ్లానికీ మూడింటికీ స్పందిస్తుంది. పొగలు కక్కే పులుసులో మూడూ ఒకేసారి తగులుతాయి. చల్లారిన పులుసులో కారం తగ్గినట్టు అనిపించేది అందుకే. నిజానికి క్యాప్సైసిన్ ఎక్కడికీ పోలేదు. వేడిగా ఉన్నప్పుడు రుచి చూసి కారం సరిపోయిందనుకుంటే, మర్నాడు గోరువెచ్చగా తిన్నప్పుడు కాస్త తక్కువగా తోస్తుంది.

క్యాప్సైసిన్ నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. మిరపకు ఎర్ర రంగునిచ్చే పదార్థమూ అంతే. కాబట్టి కారప్పొడిని నేరుగా పులుసు నీళ్లలో వేయడం కన్నా, ఉల్లిపాయలు వేగాక మంట తగ్గించి, నూనెలో కొన్ని క్షణాలు తిప్పితే అదే కారంతో ఎక్కువ ఘాటు, రంగు వస్తాయి. మంట ఎక్కువైతే పొడి మాడి చేదెక్కుతుంది. మిరపలో కారం తయారయ్యేది గింజల్లో కాదు, గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో. ఘాటు వద్దు, రంగు కావాలనుకునేవారికి కర్ణాటక బ్యాడగి మిరప ఉంది. గుంటూరు కారం తగ్గించి దాన్ని కలుపుకోవచ్చు. నోరు మరీ మండితే నీళ్ల కన్నా మజ్జిగ మేలు. పాలలోని కేసిన్ ప్రొటీన్ క్యాప్సైసిన్‌ను పట్టుకుని నాలుక మీది నుంచి లాగేస్తుంది.

కారం తింటే కడుపులో పుండ్లు పడతాయన్న నమ్మకం గట్టిది. ఎక్కువ శాతం పుండ్లకు కారణం హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా, కొన్ని రకాల నొప్పి మాత్రలు. ఆ బ్యాక్టీరియా పాత్రను చూపిన బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. అయితే ఇప్పటికే పుండు, ఛాతీలో మంట ఉన్నవారికి కారం, పులుపు బాధను పెంచవచ్చు. వారు తగ్గించుకోవడమే మంచిది.

ఆరోగ్యం ఏ గిన్నెలో ఉంది?

వంద గ్రాముల చేపలో సుమారు 16 నుంచి 20 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. కొల్లాజెన్ తక్కువ కాబట్టి సులువుగా అరుగుతుంది. చేపకు ప్రత్యేకమైన పేరు తెచ్చింది మాత్రం ఒమేగా 3 కొవ్వులు. మెదడులో, కంటి రెటీనాలో దండిగా ఉండే డీహెచ్ఏను మన శరీరం చాలా కొద్దిగానే తయారుచేసుకోగలదు. దీని అసలు పుట్టిల్లు సముద్రంలోని సూక్ష్మ నాచు. దాన్ని తిన్న చిన్న జీవుల ద్వారా చేపలకు చేరుతుంది. అందుకే చవకగా దొరికే కవళ్లు, కానాగంతలు ఈ విషయంలో ఖరీదైన చేపలకు ఏమాత్రం తీసిపోవు. తవుడు, నూనె తీసిన చెక్క తిని పెరిగే చెరువు బొచ్చె, శీలావతిల్లో ఈ కొవ్వు అంత ఉండదు. ప్రొటీన్‌కు మాత్రం అవి మంచివే. వారానికి రెండుసార్లు చేప తినమని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సూచిస్తుంది. రెండింటిలో ఒకటైనా సముద్రపు చిన్న చేప అయితే మేలు.

చిన్న చేప అనడానికి ఇంకో కారణం పాదరసం. సముద్రంలో పెద్ద చేప చిన్న చేపను తిన్న ప్రతిసారీ దాని ఒంట్లోని పాదరసం పెద్దదానిలో పోగవుతుంది. ఎక్కువ కాలం బతికే పెద్ద వేటచేపల్లో ఇది ఎక్కువ. కోస్తాలో బాలింతలకు సొర పుట్టు పెట్టడం ఆచారం. గర్భిణులు, పాలిచ్చే తల్లులు పెద్ద సొరల వంటి వాటిని మాని చిన్న చేపలు ఎంచుకోవడం బిడ్డ మెదడుకు మంచిది.

ఇక వండే తీరు. మునిగేలా నూనె పోసి వేపితే చేపలోని నీరు ఆవిరై ఆ చోటులోకి వంటనూనె వెళుతుంది. చేప కొవ్వు కొంత నూనెలోకి దిగుతుంది. పులుసులో వేడి 100 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, కరిగిన కొవ్వు గిన్నెలోనే ఉంటుంది, దాన్నీ అన్నంలో కలుపుకునే తింటాం. ఒక పెద్ద చెంచా నూనె అంటే దాదాపు 120 కేలరీలు. నలుగురికి వండే పులుసుకు రెండు పెద్ద చెంచాలు చాలు. పైన నూనె తేలాలి కదా అనేవారికి ఒక మాట. నూనె తేలడం అంటే పులుసులో నీరు తగ్గి, కలిసి ఉన్న నూనె బిందువులు విడిపోవడమే. తక్కువ నూనె వేసినా తగినంత సేపు మరిగితే ఎర్రటి తెట్టు కనిపిస్తుంది.

ఉప్పు విషయంలో కారం, పులుపు సాయపడగలవు. 2017లో వెలువడిన ఒక చైనా అధ్యయనంలో సుమారు 600 మందిని పరిశీలిస్తే, కారం ఇష్టపడేవారు తక్కువ ఉప్పు తిన్నట్టు, వారి రక్తపోటు తక్కువగా ఉన్నట్టు తేలింది. దీన్ని తెలుగిళ్లకు నేరుగా అన్వయించలేం. మన దగ్గర కారం తరచుగా ఆవకాయ రూపంలో, ఉప్పును వెంటబెట్టుకునే వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పరిమితి రోజు మొత్తానికి మనిషికి 5 గ్రాముల లోపు. చేపల పులుసు ఉన్న రోజు పచ్చడి జాడీ పక్కన పెట్టడం తేలికైన మార్గం.

పొయ్యి దగ్గర

ఇంతవరకూ చెప్పుకున్నది ఒక వరుసలో పెడితే వంట ఇలా ఉంటుంది. అరకిలో చేపను ఒకటిన్నర సెంటీమీటర్ల ముక్కలుగా కోయించి, కడిగి, వాసన చూసి, అర చెంచా ఉప్పు, పావు చెంచా పసుపు పట్టించి అరగంట ఫ్రిజ్‌లో ఉంచాలి. పసుపు చేప చెడకుండా కాపాడుతుందని దాని భరోసాతో బయట వదిలేయకూడదు. వంటలో వాడే కొద్దిపాటి పసుపుకు అంత శక్తి లేదు.

నిమ్మకాయంత చింతపండును నానబెట్టి రసం తీసుకోవాలి. వెడల్పాటి గిన్నెలో రెండు పెద్ద చెంచాల నూనె వేసి, చిటికెడు మెంతులు, రెండు ఉల్లిపాయల తరుగు, పచ్చిమిర్చి, కరివేపాకు, అల్లం వెల్లుల్లి ముద్ద వేపాలి. మంట తగ్గించి రెండు చెంచాల కారం, ఒక చెంచా ధనియాల పొడి తిప్పి, వెంటనే చింతపండు రసం, రెండు గ్లాసుల నీళ్లు, ఇంకో చెంచా ఉప్పు వేయాలి. మొత్తం ఉప్పు దాదాపు 8 గ్రాములు, నలుగురికి తలా రెండు గ్రాములు.

చేప వేయక ముందే పులుసును పది, పదిహేను నిమిషాలు మరగనివ్వాలి. చిక్కబడటం, పచ్చివాసన పోవడం, నూనె తేలడం అన్నీ చేప లేకుండానే జరిగిపోవాలి. తర్వాత ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి, మంట తగ్గించి, పది నిమిషాలు చాలు. మధ్యలో గిన్నెను ఒకటి రెండుసార్లు తిప్పితే సరిపోతుంది. ముక్క మధ్యలో కండ పారదర్శకత పోయి తెల్లగా మారి, పొరలుగా విడిపోతే ఉడికినట్టే. థర్మామీటర్ ఉంటే 63 డిగ్రీలు దాటితే చాలు.

ఆ రాత్రి సంగతి

ఇక మొదటి ప్రశ్న. రేపటికి రుచి పెరుగుతుంది, నిజమే. కానీ 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడి బ్యాక్టీరియాకు అనువైనది. అనుకూలమైన చోట కొన్ని రకాలు ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. ఉడుకును తట్టుకునే విత్తనాల వంటి రూపాలు కొన్నిటికి ఉంటాయి. వడ్డించిన గరిటె ద్వారా కొత్తవీ చేరతాయి. పులుసులోని ఆమ్లం వాటిని నెమ్మదింపజేస్తుంది. అయితే ఆమ్లం కూడా ఉప్పులాగే నత్తనడకన ముక్కలోకి వెళ్లేదే. మొదటి రాత్రి ముక్క లోపల పులుసులో ఉన్నంత పులుపు ఉండదు. పైగా మట్టి దాక వేడిని చాలాసేపు పట్టి ఉంచుతుంది. పొయ్యి మీద అది సుగుణం. దించాక అదే గుణం పులుసును గంటల తరబడి గోరువెచ్చగా, బ్యాక్టీరియాకు నచ్చేలా ఉంచుతుంది.

మరి రుచి వదులుకోవాలా? అక్కర్లేదు. గది వేడి 30 డిగ్రీల నుంచి ఫ్రిజ్‌లోని 5 డిగ్రీలకు దిగితే వ్యాపనం వేగం సుమారు సగానికి తగ్గుతుంది, అంతే. జబ్బు తెచ్చే బ్యాక్టీరియాలో ఎక్కువ రకాల ఎదుగుదల మాత్రం దాదాపు నిలిచిపోతుంది. చలి ఉప్పును కాస్త ఆలస్యం చేస్తుంది, బ్యాక్టీరియాను చాలావరకు ఆపేస్తుంది. సన్నగా కోసి ముందే ఉప్పు పట్టించిన ముక్కలకు ఆ ఆలస్యం లెక్కలోకే రాదు. దించిన పులుసును లోతు తక్కువ ఉన్న పాత్రల్లోకి మార్చి, రెండు గంటల్లోపు, మండువేసవిలో అయితే గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. మర్నాడు తినేంత మాత్రమే తీసి, ఒకసారి బాగా మరిగించుకోవాలి. ఫ్రిజ్ లేని ఇంట్లో వండిన పూటే తినేయడం మంచిది.

ఫ్రిజ్‌లు లేని రోజుల్లో పెద్దలు ఒక రాత్రి ఆగమన్నది రుచి కోసం, ఆ లెక్కలో వారు పొరపడలేదు. ఇప్పుడు మారాల్సింది రాత్రి కాదు, ఆ రాత్రి గిన్నె ఉండాల్సిన చోటు.